రెండో తాడు మాఫీ

ఉమ్ ఘువైలినా, దోహా
నవంబరు, శుక్రవారం సాయంత్రం

గయాజ్‌కు ఆపా రాసేది,

సలాం. రాయాలి కాబట్టి రాశాను. మనసులో ఉన్నది సలాం కాదు.

నీ నంబరు బ్లాక్ చేశాను. ఫోన్ ఎందుకు కలవడం లేదని అందరినీ అడుగుతున్నావట, అందుకే చెప్తున్నాను. ఫోన్‌లో నువ్వు నవ్వుతావు. కోరుట్లలో పక్కింటి ప్రహరీ దూకి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు కూడా నవ్వుతూనే ఇంటికొచ్చావు. నువ్వు నవ్వగానే నా కోపం సగం దిగిపోతుంది. ఈసారి దిగకూడదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. మా టైలరింగ్ షాపు యజమానురాలి ఇంటి డ్రైవరు నర్సింలు అన్న బండి రిపేరుకు ఇండస్ట్రియల్ ఏరియా వైపు వస్తూనే ఉంటాడు, మీ క్యాంపు గేటు దగ్గర ఇస్తాడు. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

ఇవాళ మీ దుల్హేభాయ్ వచ్చారు. ఎప్పటిలాగే షాపు వెనక గదిలో మొగుడూ పెళ్లాం కూర్చున్నాం. చాయ్ గ్లాసు చేతికిస్తే పట్టుకోలేకపోయారు, కింద పడింది. అరచెయ్యి చూపించమంటే దాచుకున్నారు. బాత్రూంలో జారిపడ్డానన్నారు. బాత్రూంలో జారిపడితే మోచెయ్యి కొట్టుకుపోతుంది గానీ, అరచేతిలో చర్మం లేచిపోయి తాడు గీత పడుతుందా గయాజ్? నేను దారంతో బతికేదాన్ని. దారం కోసిన గీత ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అలాంటిదే, వేలంత లావు.

ఎంతో బతిమాలితే చెప్పారు. "ఒక్క తాడు మీదనే దిగిన. నడుమల సర్రున జారిన. చేత్తోని పట్టుకొని ఆపుకున్న. నీకు చెప్పిన్నని గయాజ్‌కు తెల్వనియ్యకు, నవ్వుతడు."

విన్నావా? అద్దాల బిల్డింగు మీద నుంచి జారి చావబోయిన మనిషి, చావు గురించి కాదు, నీ నవ్వు గురించి భయపడుతున్నారు.

మెడికల్ షాపులో కూర్చుని మందులు అమ్ముకునే మనిషిని పిలిపించి ఈ పనిలో పెట్టింది నువ్వు. అప్పుడేమన్నావు? "ఆపా, ఎప్పుడన్న రెండు తాళ్లుంటయి. ఒకటి పని తాడు, ఇంకోటి సేఫ్టీ. ఒకటి తెగినా ఇంకోటి పట్టుకుంటది. దుల్హేభాయ్‌ని నా కండ్ల ముందటనే పెట్టుకుంట." నా తల మీద చెయ్యి పెట్టి చెప్పావు. ఆ రెండో తాడు ఎక్కడికి పోయింది? టీమ్ లీడరువి కదా, టెర్రస్ మీదే ఉన్నావు కదా, నీ కళ్లేం చేస్తున్నాయి?

ఇంకో సంగతీ తెలిసింది. ఆయనను అందరి ముందూ 'డర్‌పోక్ దుల్హా' అంటున్నావట. ఇప్పుడు క్యాంపులో నేపాలీ పిల్లలు కూడా అదే పేరుతో పిలుస్తున్నారట. పిరికి పెళ్లికొడుకు! వాళ్లకు ఆ మాట నేర్పింది నా తమ్ముడు.

జవాబు రాయి. నవ్వకుండా రాయి.

హబీబున్నీసా


బర్వా అల్ బరాహా
నవంబరు ఆఖరు

ఆపా,

సలాం. నర్సింలు అన్న నీ ఉత్తరాన్ని గేటు దగ్గర అందరి ముందూ ఇచ్చాడు. లవ్ లెటరా అని మా వాళ్లు ఏడిపించారు. పూర్తిగా చదివాక నాకూ కోపం వచ్చింది, కాబట్టి నువ్వు కోరినట్టే నవ్వకుండా రాస్తున్నాను.

నన్ను ముద్దాయిని చేసే ముందు నన్నొక మాట అడగాలి కదా? ఆ రోజు పొద్దున సేఫ్టీ తాళ్లలో ఒకటి వ్యానులో ఉండిపోయింది. తేవడానికి మనిషిని పంపాను. దుల్హేభాయ్ కింది మెట్టు మీద, అంచుకు అవతల, పని తాడు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాకీటాకీలో అడిగాడు, సేఫ్టీ సంగతేంటని. నేను చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పాను. "సేఫ్టీ మాఫీ. సేఫ్టీ మాఫీ." ఇంతకంటే తేటగా ఏ భాషలో చెప్పాలి? అంత చెప్పినా దిగాడు. సగం దూరం పోయి, కిందికి చూసి, బెదిరి, బ్రేకు పిడి మీద చెయ్యి తప్పించి జారాడు. తప్పు ఎవరిది?

డర్‌పోక్ అన్నానా? అన్నాను. ఈ పనిలో అలా అంటేనే మనిషి తయారవుతాడు. నన్ను అనలేదా? నా మొదటి ఏడాది నీకు చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. మొదటిసారి అంచు దాటినప్పుడు యూనిఫాం తడిపేసుకున్నాను. కింద నిలబడ్డ మా టీమ్‌లోని ఖుత్బుద్దీన్ వాన పడుతోందని అరిచాడు. టెర్రస్ అంతా నవ్వింది. ఆ నవ్వుకు సిగ్గేసి మర్నాడు దిగాను. రెండో ఏడాదికి కాళ్లు వణకడం ఆగింది. ఇప్పుడు తాడు మీద వేలాడుతూ పరోటా తింటాను. భయం అనేది కొత్త చెప్పులాంటిది ఆపా, కొన్నాళ్లు కరుస్తుంది, తర్వాత అదెక్కడుందో కూడా తెలియదు.

నీకో విచిత్రం చెప్పాలి. మేం లుసైల్‌లో చేస్తున్న కొత్త టవరు ప్రారంభానికి తెల్లవాళ్లు వచ్చారు. విమానంలోంచి కాదు, బిల్డింగు మీద నుంచే పారాచూట్ గొడుగు కట్టుకుని దూకుతారు. దీన్ని బేస్ జంపింగ్ అంటారు. జనవరి ఆఖర్లో షో. అప్పటిదాకా వారానికి రెండు మూడు పొద్దులు ప్రాక్టీసు. వాళ్లకు టెర్రస్ మీద దూకే బల్ల కట్టింది మా టీమే. అంతే కాదు, దూకేవాడి వీపు మీది పెద్ద గొడుగుకు ఒక చిన్న గొడుగు తాడుతో కట్టి ఉంటుంది. దాన్ని ఇంకొకరు పైన నిలబడి చేత్తో పట్టుకోవాలి. మనిషి దూకగానే తాడు బిగుసుకుని పెద్ద గొడుగును బయటికి లాగుతుంది, ఆ వెంటనే చిన్నది మన చేతిలోంచి గుంజుకుని పోతుంది. ఆ పట్టుకునే పని నాకిచ్చారు. లూకా అని ఇటలీ కుర్రాడు, ముప్పై కూడా ఉండవు, నా చెయ్యి చూసి "నీకు భయమే లేదు, నువ్వు మాలో ఒకడివి" అన్నాడు.

ఎనిమిదేళ్లలో ఈ దేశంలో నన్ను ఎవరూ మాలో ఒకడివి అనలేదు. నీ ఉత్తరం చదివిన రోజే ఆ మాట విన్నాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు.

గయాజ్


ఉమ్ ఘువైలినా
డిసెంబరు మొదటి వారం

గయాజ్,

నీ ఉత్తరంలో 'మాఫీ' అన్న చోట ఆగిపోయాను. మళ్లీ చదివాను. సేఫ్టీ మాఫీ అని తేటగా చెప్పావట! తర్వాతి శుక్రవారం ఆయన రాగానే అడిగాను, గయాజ్ ఆ రోజు మీకేం చెప్పాడని.

"సేఫ్టీ మాఫీ అన్నడు. అంటే ఈ ఒక్కపారికి సేఫ్టీ అక్కర్లేదు, ఒదిలేసిన్రు అనుకున్న. అందుకే దిగిన."

కూర్చుని విను. ఆయన ఈ దేశానికొచ్చి నాలుగు నెలలు కాలేదు. మా మామగారి పంట రుణం మాఫీ అయిందా లేదా అని ఊళ్లో రోజూ పేపరు చూసే ఇంట్లోంచి వచ్చారు. ఆయనకు మాఫీ అంటే రద్దు. కట్టక్కర్లేదు, వదిలేశారు, పో అని. మనింట్లో మాఫీ అంటే ఏంటి? నువ్వు ప్రహరీ దూకినప్పుడు అమ్మీ చెవి పట్టుకుని "మాఫీ మాంగ్" అనేది, నువ్వు అడిగేవాడివి, ఆమె వదిలేసేది. మాఫీ అంటే వదిలేయడం. 'లేదు' అని కాదు. అది అరబ్బుల మాట. ఫులూస్ మాఫీ అంటే డబ్బుల్లేవు, ఖుబ్స్ మాఫీ అంటే రొట్టె లేదు. ఆ మాఫీ నీ నోట్లో ఎప్పుడు దూరిందో నీకే గుర్తు లేదు. మన మాట ఎప్పుడు బయటికి పోయిందో కూడా గుర్తు లేదు.

నువ్వేమో "తాడు లేదు, ఆగు" అన్నావు. ఆయనకేమో "తాడు వద్దు, దిగు" అని వినపడింది. ఒకే మాట. ఎనిమిదేళ్ల కిందటి వరకూ మీరిద్దరూ ఆ మాటను ఒకేలా అన్నవాళ్లు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

కానీ నా కోపం మాట మీద కాదు. మాట తప్పుగా వినపడటం ఎవరికైనా జరుగుతుంది. నేను అడిగాను, "సేఫ్టీ లేకుండా ఎట్ల దిగాలె అని ఇంకోసారి అడగొచ్చు గదా?" అని. ఆయన నేల చూపులు చూసి అన్నారు, "అడిగితే డర్‌పోక్ అంటరు గదా." అదీ సంగతి. ఆయన నోరు కట్టేసింది అరబ్బీ కాదు, నువ్వు.

నీ కొత్త చెప్పు కథ బాగుంది. నాదీ ఒకటి విను. మా షాపులో అజ్రా అందరికంటే చెయ్యి తిరిగినది. అబాయాకు అంచు కుడుతూ టీవీ చూస్తుంది, పక్కవాళ్లతో పోట్లాడుతుంది, మిషను మాత్రం ఆగదు. పోయిన నెల మోటారు సూది ఆమె చూపుడు వేలి గోరులోంచి దిగి అవతలికి వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు ఎవరికీ ఇంతవరకూ సూది దిగలేదు. వాళ్లు భయపడతారు, వేలు వెనక్కి పెట్టుకుంటారు. నేను ఇన్నేళ్లుగా కుడుతున్నాను, ఇప్పటికీ వేలు వెనక్కి పెట్టుకుంటాను. నన్ను కూడా డర్‌పోక్ అను.

నేను కోరేది ఒక్కటే. ఆయన పై నుంచి 'ఇవాళ వద్దు' అంటే, నవ్వకుండా వద్దని ఒప్పుకో. ఆ మాట ఇవ్వు. ఇచ్చేదాకా నంబరు బ్లాకులోనే ఉంటుంది.

ఆపా


బర్వా అల్ బరాహా
డిసెంబరు ఆఖరు

ఆపా,

మాఫీ సంగతి చదివాను. ఆలోచించాను. నేను 'లేదు' అన్నాను, అతను 'వద్దు' అనుకున్నాడు, సరే. అది నా తప్పని అంటావా? పొద్దున్నుంచి రాత్రిదాకా నాకు ఆర్డరు ఇచ్చేవాళ్లంతా ఆ మాటే అంటారు. సైట్ ఇన్‌ఛార్జ్ రోజూ పొద్దున మా వరస ముందు నిలబడి "యల్లా, యల్లా, ఖౌఫ్ మాఫీ!" అని అరుస్తాడు. భయం లేదు అని. మేం కూడా అరుస్తాం. ఆ మాట నా నోట్లోకి దూరింది అంటున్నావు, వాళ్లతో ఎనిమిదేళ్లు ఉండి చూడు, నీ నోట్లోకి దూరకుండా ఉంటుందా? నువ్వు మీ షాపులో ఆడవాళ్ల మధ్య కూర్చుని మన మాటను భద్రంగా దాచుకున్నావు, సంతోషం.

నువ్వడిగిన మాట ఇవ్వలేను. ఒకరు వద్దంటే టీమ్ మొత్తం ఆగాలి. ఆగితే ఆ రోజు డ్యూటీ కట్. రేపు ఇంకొకడు వద్దంటాడు. ఎల్లుండి నన్ను తీసేసి ఇంకొకణ్ణి లీడరుగా పెడతారు, వాడు నవ్వడు, నేరుగా ఇంటికి పంపిస్తాడు. దుల్హేభాయ్ ఇక్కడ మిగిలింది నా వల్లే అని నీకు అర్థం కాదు.

దూకేవాళ్లలో మార్తా అని ఒకావిడ ఉంది. నార్వే. యాభై దాటింది, జుట్టంతా నెరిసింది. అందరిలోకీ ఎక్కువ దూకింది ఆమే అంటారు. మొన్న పొద్దున అన్నీ కట్టుకుని బల్ల దాకా వచ్చింది. కర్రకు కట్టిన రిబ్బను ఒకసారి చూసింది. నాకైతే గాలే తెలియలేదు. "ఇవాళ వద్దు" అంది. అంతే, అందరూ కట్టుకున్నవి విప్పేశారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అది వాళ్ల పద్ధతట, టెర్రస్ మీద ఎవరు వద్దన్నా, ఎందుకని అడగకూడదు, అందరూ కలిసి కిందికి పోయి తినాలి. లిఫ్టు బిజీగా ఉంటే మెట్లు దిగాం. అంత ఎత్తు నుంచి దూకే మనిషి మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది ఆపా! నాకు నవ్వాగలేదు. మా వాళ్లకు చేసి చూపించాను కూడా.

ఆమె చూసింది. కోప్పడలేదు. కింద టిఫిన్ దగ్గర నా పక్కన కూర్చుని, నాకర్థమయ్యే ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. మొదట్లో చచ్చిపోతానని భయపడిందట. తర్వాత తోటివాళ్లు పిరికిదనుకుంటారని భయపడి, ఆ భయంతోనే దూకేదట. ఆ తర్వాత కొన్నేళ్లు భయమే లేదట. "మావాళ్లు ఎక్కువమంది పోయింది ఆ కొన్నేళ్లలోనే. నేనెందుకు మిగిలానో తెలియదు. ఇప్పుడు మళ్లీ భయమేస్తోంది. వెయ్యని రోజున నేను దూకను" అంది.

ముసలితనం మాట్లాడుతోందనుకున్నాను. లూకాను అడిగాను, నాకు నేర్పిస్తావా అని. నీలాంటివాడికి త్వరగా వస్తుంది, సెలవు పెట్టి మా ఊరు రా అన్నాడు. మార్తా విని, "భయం లేనివాడికి నేనైతే నేర్పను" అంది. ఆమె నేర్పక్కర్లేదు. నేనూ దూకుతాను ఆపా. ఒక్కసారైనా ఎవడి గాజు తుడవడానికో కాకుండా నా కోసం ఆ అంచు దాటాలని ఉంది.

గయాజ్


ఉమ్ ఘువైలినా
జనవరి

గయాజ్,

ఆయన వద్దంటే నవ్వకు అని నేను అడిగాను. నేనూ దూకుతాను అని నువ్వు జవాబు రాశావు.

దూకు. అమ్మీకి ఫోన్ చేసి చెప్పాల్సింది నేను కదా, ఏ మాటతో చెప్పాలో కూడా నువ్వే రాసి పంపు. 'నీ కొడుకు మాఫీ' అని చెప్పనా? ఆమెకు ఏ మాఫీ అర్థమవుతుంది?

తెల్లవాళ్లకు ఒక పద్ధతి ఉందని మురిసిపోతూ రాశావు. ఎవరు వద్దన్నా ఎందుకని అడగరని. ఆ పద్ధతి దూకేవాళ్లకు ఉండాలి, తాడు మీద గాజు తుడిచే నా మొగుడికి ఉండకూడదా? వాళ్ల భయం పెద్దింటిదీ, మా భయం వెక్కిరింపుకూనా? ఒకే టెర్రస్ మీద రెండూ చూశావు, నీకు సిగ్గనిపించలేదా?

ఆయన చేతికి పసుపు, నూనె రాసి గుడ్డ కట్టి పంపాను. శనివారం మళ్లీ నీ తాడు మీదికే వచ్చారు. నాకు ఆ రాత్రి నుంచి తిండి సహించడం లేదు. ఇక రాయను. రాయాల్సింది నువ్వు.

హ.


బర్వా అల్ బరాహా
జనవరి ఆఖరు

ఆపా,

సలాం. ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను.

షోకి ముందు ఆఖరి ప్రాక్టీసు. కెమెరాలవాళ్లు వచ్చారు, టవరు ఓనరు మనుషులు వచ్చారు, కుర్చీలు వేశారు. మార్తా రిబ్బను చూసి వద్దంది. మామూలుగా అయితే అందరూ విప్పేసేవాళ్లు. లూకా విప్పలేదు. ఇంతమంది కూర్చుని ఉంటే ఎలా అన్నాడు. బల్ల మీదికొచ్చి, చిన్న గొడుగు నా చేతిలో పెట్టి, నా వైపు తిరిగి కన్ను గీటాడు. "నువ్వేమంటావ్, భయం లేని మనిషీ?" అన్నాడు.

రిబ్బను నేనూ చూశాను ఆపా. అది ఒక వైపు లేస్తోంది, మళ్లీ తిరుగుతోంది. ఇన్నేళ్లలో మొదటిసారి గాలి నా మెడ మీద తెలిసింది. వద్దు అనాలి. వాళ్ల పద్ధతి ప్రకారం నేను కూడా అనొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. అనలేదు. ఎందుకు అనలేదో నీకు రాయక్కర్లేదు, అదే కారణంతో ఇంకొకాయన ఒక్క తాడు మీద దిగారని నువ్వే నాకు రాశావు. నవ్వుతాడని.

పట్టుకున్నాను. దూకాడు. పెద్ద గొడుగు తెరుచుకుంది, కానీ ముఖం బిల్డింగు వైపు తిరిగి తెరుచుకుంది. అతను గాజుకు కొట్టుకున్న చప్పుడు టెర్రస్ మీదికి వినపడింది. కింద పడలేదు, బయటికి పొడుచుకొచ్చిన ఇనప పట్టీలకు గొడుగు చిక్కుకుని వేలాడాడు. అరుస్తున్నాడు. గాలికి గొడుగు కొంచెం కొంచెంగా చిరుగుతోంది. మార్తా నా భుజం పట్టుకుని "తాళ్లు, తాళ్లు" అంది. దిగగలిగింది మేమే. నేను దిగుతా అన్నాను.

అంచు దగ్గరికి వెళ్లాను. కాళ్లు రాలేదు.

నమ్ము. కాళ్లు నావి కావు. మొదటి ఏడాది ఎలా వణికానో అంతకు రెట్టింపు వణికాను. మొదటి ఏడాది జరిగింది కూడా మళ్లీ జరిగింది, యూనిఫాం మీద అందరికీ కనపడింది. నా వెనక మా టీమ్ అంతా ఉంది. నేను పెట్టిన పేర్లన్నీ, నేను నవ్విన నవ్వులన్నీ తిరిగి నా మీద పడతాయని చూశాను. అన్నిటికంటే ముందు దుల్హేభాయ్ నవ్వుతారని చూశాను. నవ్వడానికి ఆయనకు హక్కుంది.

ఆయన నవ్వలేదు ఆపా.

దగ్గరికొచ్చి, నా నడుము పట్టీ పట్టుకుని నన్ను అంచు నుంచి ఒక అడుగు వెనక్కి లాగారు. "ఆగు. సేఫ్టీ ఎయ్యనియ్యి" అన్నారు. పని తాడు కట్టారు, రెండో తాడు కట్టారు, లాగి చూశారు. కట్టు కట్టిన చేత్తోనే. నా చెయ్యి తీసుకుని ఒక తాడు మీద పెట్టారు, "ఇది ఉంది." రెండో తాడు మీద పెట్టారు, "ఇది గూడ ఉంది." తర్వాత అన్నారు, "నేను గూడ వస్త. ఇద్దరం దిగుదాం." ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి, దాచుకోలేదు. అలా వణుకుతూనే ఇద్దరం దిగాం. లూకాను మాకు కట్టుకుని తెచ్చాం. కాలు, తుంటి విరిగాయి, ఆసుపత్రిలో ఉన్నాడు, బతుకుతాడన్నారు. షో రద్దయింది.

తర్వాత మూడు రోజులు నేను తాడెక్కలేదు. నాలుగో రోజు ఎక్కాల్సి వచ్చింది. పొద్దున గాలి ఉంది. దుల్హేభాయ్ ఆకాశం చూసి, నా ముఖం చూసి, "ఇయ్యాల వద్దు" అన్నారు. ఇన్‌ఛార్జ్ వచ్చి ఎప్పటిలా "యల్లా, ఖౌఫ్ మాఫీ!" అన్నాడు. నేను అన్నాను, "ఖౌఫ్ ఫీ, సార్. ఉంది. నాకుంది, అందరికీ ఉంది." అతను నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. డ్యూటీ కట్ చేశాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారని రాయను, ఖుత్బుద్దీన్ దారంతా తిట్టాడు. మళ్లీ ఇలా చేస్తే లీడరు పని పోతుందని చెప్పారు. పోనీ. ఉన్నన్ని రోజులూ నా టెర్రస్ మీద ఎవరు వద్దన్నా వద్దే. నువ్వడిగిన మాట ఇదే కదా, ఇచ్చాను.

నేను దూకను. దూకాలని ఉన్నది అబద్ధం కాదు, ఇప్పుడు కూడా ఆ బల్ల కనపడితే ఆగి చూస్తాను. అయినా దూకను.

మాఫీ చెయ్యి ఆపా. మన మాఫీయే అడుగుతున్నాను.

నీ తమ్ముడు
గయాజ్


ఉమ్ ఘువైలినా
ఫిబ్రవరి

గయాజ్‌కు ఆపా రాసేది,

సలాం. ఈసారి మనసులో కూడా సలామే ఉంది, కానీ దాని పక్కనే కోపం కూడా కూర్చుని ఉంది, లేవడం లేదు.

నీ ఉత్తరం నర్సింలు అన్న ఇచ్చినప్పుడు మిషను మీద ఉన్నాను. చదువుతుంటే సూది ఎక్కడికి పోతోందో చూసుకోలేదు, వేలు తప్పించుకుంది, అంచు పాడైంది, మాటలు పడ్డాను. అంటే నీ వల్ల నాకు ఇంకా నష్టమే.

ఆయనను మొదటిసారి 'దిగారు' అని రాశావు. అంతకు ముందు ఉత్తరాలన్నిట్లో 'దిగాడు', 'అనుకున్నాడు'. నువ్వు గమనించి రాశావో లేదో గానీ, నేను గమనించాను. రెండు ఉత్తరాలూ పక్కన పెట్టుకుని చూశాను.

ఆయన నాకు ఇదేమీ చెప్పలేదు తెలుసా? శుక్రవారం వచ్చి చాయ్ తాగి, లూకా అనే పిల్లగాడు పడ్డాడు, దించాం అన్నారు, అంతే. నీ కాళ్లు రాలేదని గానీ, నీ యూనిఫాం సంగతి గానీ ఒక్క ముక్క అనలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "గయాజ్ నాకన్న ముందుగాల్నే దిగిండు" అన్నారు. మీ దుల్హేభాయ్ నాతో ఆడిన మొదటి అబద్ధం బాత్రూంది, నీ నవ్వుకు భయపడి ఆడారు. రెండోది ఇది. ఇది నీ పరువు కోసం. ఇది చదివి నీకు నిద్ర పట్టకపోతే సంతోషిస్తాను.

నీకు భయం తిరిగి వచ్చిందని రాశావు. మళ్లీ ఎటూ పోనివ్వకు. పరోటా అలవాటు మానెయ్. ఎప్పుడైనా పొద్దున లేచి, ఇవాళ భయం వెయ్యడం లేదే అనిపిస్తే, ఆ రోజు వద్దను. డ్యూటీ కట్ కానీ. లీడరు పని పోతే పోనీ, నీకు పెళ్లి చూపులప్పుడు ఎలాగూ అబద్ధమే చెప్తాం.

ఇక చివర అడిగినదానికి జవాబు. చాలా ఆలోచించాను. ఆయన అరచెయ్యి తిప్పి చూశాను. గీత ఇంకా ఎర్రగానే ఉంది, గ్లాసు పట్టుకున్నప్పుడు వేళ్లు పూర్తిగా మూసుకోవడం లేదు. కాబట్టి రాస్తున్నాను.

మాఫీ మాఫీ.

ముందుది మనది. తర్వాతది అరబ్బీ. రెండూ ఒకే మాటనుకుని మురిసిపోయేవు. ఆ చెయ్యి పూర్తిగా మూసుకున్న రోజు మళ్లీ అడుగు.

శుక్రవారం ఆయనతో పాటు నువ్వూ రా. బగారా అన్నం, ఖట్టా వండుతాను, షాపు వెనక గదిలోనే తినాలి. నంబరు బ్లాకు తియ్యలేదు, వచ్చి ఎదురుగా తిట్లు తిను. మా షాపు మెట్లు ఇరుకు, లైటు కూడా పోయింది. గోడ పట్టుకుని, చూసుకుంటూ ఎక్కు. ఇక్కడ నవ్వేవాళ్లు ఎవరూ లేరు.

ఆపా